వాగు పొంగే ఆట

టేకులపల్లి దాటి అడవి మొదలయ్యే చోట, బస్సులు ఆగే చిన్న సెంటరులో మెహ్రీన్ ఆటల దుకాణం ఉంది. ముందు గదిలో క్యారంబోర్డులు, గాలిపటాలు, అతికించి చేసుకునే విమానం బొమ్మలు, రంగు రంగు డబ్బాల్లో కార్డు ఆటలు. వెనక గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు. కొత్త ఆటను ఆడి చూడకుండా ఎవరూ కొనరని అక్కడ కూర్చోబెట్టి తనే నేర్పుతుంది.

వాళ్ల నాన్న మహబూబ్ అలీ ఇదే దుకాణంలో పతంగులు, దారం అమ్మేవాడు. మోకాళ్లు అరిగి ఆయన ఇంటిపట్టున ఉండిపోయాక, హైదరాబాదులో బొమ్మల షాపులో పనిచేస్తున్న మెహ్రీన్ తిరిగొచ్చి ఈ కొత్త ఆటలు తెచ్చిపెట్టింది. బోర్డు మీద 'ఇక్కడ కార్డు ఆటలు నేర్పబడును' అని రాయించింది. ఆ ఒక్క మాటే కొంప ముంచింది. అక్కడి వాళ్లకు కార్డులంటే పేకాటే. మహబూబ్ సాబ్ బిడ్డ క్లబ్బు పెట్టిందట అని హోటల్ దగ్గర నవ్వుకునేవాళ్లు. మెహ్రీన్ పట్టించుకోలేదు.

వెనక గదికి తప్పకుండా వచ్చేవాళ్లలో ధన్‌సింగ్ ఒకడు. పక్క తండాలో పత్తి, మిర్చి వేసే రైతు. మనవరాలికి పతంగి కొందామని వచ్చి, బల్ల మీద కార్డులు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు మొదటిసారి.

"పైసలు పెట్టాల్నా?" అనడిగాడు.

"పైసల్లేవు కాకా. వాగు పొంగేలోపు జంతువులను అవతలి ఒడ్డుకు చేర్చాలె. అందరం ఒక్క పార్టీనే. గెలిస్తే అందరం గెలుస్తం, ఓడితే అందరం ఓడుతం."

అట్లా కూర్చున్నవాడు ప్రతి వారం అంగడి రోజున రావడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు తన సంగతి తనే చెప్పాడు. ఒకప్పుడు పేకాట పిచ్చిలో ఎడ్ల జత అమ్ముకున్నాడు. మామిడి తోటలో పోలీసులకు దొరికి, అంగీతో మొఖం కప్పుకొని ఊరందరి ముందు నడిచాడు. మళ్లీ ముట్టనని భార్య మోతీకి మాటిచ్చాడు.

"ఇక్కడికొస్తున్నట్టు ఇంట్ల చెప్పినవా?" అంది మెహ్రీన్.

"చెప్త" అన్నాడు. చెప్పలేదు. ఎరువుల దుకాణానికని చెప్పి వస్తుండేవాడు.

ఆ అంగడి రోజు మధ్యాహ్నం ధన్‌సింగ్, అంగన్‌వాడీ టీచర్ శారద, మెహ్రీన్ ముగ్గురూ ఆటలో ఉండగా ఎస్సై లోపలికొచ్చాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు. ఎవరూ ఏమీ అనకముందే ధన్‌సింగ్ కార్డులు కింద పెట్టి, లేచి, రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. అది చూసి మెహ్రీన్ లేచి అతని ముందుకొచ్చి నిలబడింది.

"పైసలు బయట పెట్టుండ్రి" అన్నాడు ఎస్సై.

"పైసల్లేవు సార్. ఇది పిల్లలు, పెద్దలు ఆడుకునే ఆట."

ఎస్సై బల్ల మీది నీలం చెక్క బిళ్ల ఒకటి తీసి చూశాడు. "మరి ఇవేంది? క్లబ్బుల్ల గూడ గిట్లనే ఉంటయి. బిళ్లలు లోపల, పైసలు బయట."

"అవి వాగు నీళ్లు సార్" అంది శారద. అన్నాక ఆ మాట ఎంత వింతగా ఉందో ఆమెకే తెలిసింది.

డబ్బాలన్నీ సంచిలో వేయమని, దుకాణానికి తాళం వేయమని ఎస్సై కానిస్టేబుళ్లకు చెప్పాడు. సంగతేదో స్టేషన్‌లో తేలుద్దామన్నాడు. తర్వాత తప్పు లేదని తేలినా, పోలీసులు తాళం వేసిన దుకాణానికి పిల్లలను ఎవరు పంపుతారు? నాన్న ఇన్నేళ్లు నిలుపుకున్న పేరు ఈ పూటతో పోతుందనుకుంది మెహ్రీన్.

అప్పుడు గుమ్మంలో మోతీ కనిపించింది.

"నువ్వా?" అన్నాడు ధన్‌సింగ్.

"అవ్. నేనే స్టేషన్‌కు పోయి చెప్పిన." ఆమె గొంతు పెంచలేదు. "ఎరువులంటివి. నువ్వు కార్డులు పట్టుకొని కూసున్నవని తండాల చెప్పిండ్రు. ఇంకోపారి నాతోని కాదు."

"నేను పైసలు పెట్టలే" అన్నాడతను.

"అప్పుడు గూడ గిదే మాట."

మెహ్రీన్ ధైర్యం కూడగట్టుకుంది. "అమ్మా, ఆయన మాట నమ్మకు. నా మాట గూడ నమ్మకు. మా ఆట సగంల ఆగింది. కూసొని చూడు."

మోతీ ఎస్సై వైపు చూసింది. "జల్దీ కానీయుండ్రి" అన్నాడాయన.

నాలుగో కుర్చీలో, భర్తకు ఎదురుగా కూర్చుంది మోతీ. ఆమె కార్డులను చూడలేదు. అతని మొఖమే చూస్తూ ఉంది. ధన్‌సింగ్ ఆట అందుకున్నాడు. ఎలుగుబంటి దాటింది, నెమలి దాటింది. జింక మిగిలింది. అతను తన కార్డులన్నీ బల్ల మీద పరిచాడు.

"అందరికి చూపిస్తున్నవేంది?" అన్నాడు ఎస్సై.

"చూపియ్యాలె సార్. దాచుకుంటే అందరం మునుగుతం."

శారద తన దగ్గరున్న పడవ కార్డు అతనికిచ్చింది. అయినా చివర్లో వాన కార్డు పడింది. నీలం బిళ్లలు ఒడ్డు దాటాయి.

"అయ్యో, ఒక్క అడుగు దూరంల పోయింది జింక" అంటూ ధన్‌సింగ్ నుదురు కొట్టుకుని పకపకా నవ్వాడు. ఎక్కడున్నాడో గుర్తొచ్చి నవ్వు మధ్యలో ఆపేశాడు.

మోతీ లేచి నిలబడింది. "సారు, ఇది పేకాట కాదు."

"ఎట్ల చెప్తవు?"

"ఓడిపోయొచ్చిన రోజు ఈయన మొఖం నాకు తెల్వదా? గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు. పిల్లలు పిలిచినా పలికేటోడు కాదు. ఓడినంక నవ్వుడు ఇవ్వాళే చూసిన."

ఎస్సై చేతిలో బిళ్లను బల్ల మీద పెట్టాడు. సంచిలో వేసిన డబ్బాలు తీసి అల్మారాలో సర్దమన్నాడు. "బోర్డు మీద ఆ మాట మార్పియ్యమ్మా. ఎవరైనా గట్లనే అనుకుంటరు" అని బయటికి నడిచాడు.

జీపు చప్పుడు దూరమయ్యాక మోతీ ఏడ్చింది. శారద నీళ్లు తెచ్చిచ్చింది.

"ఆడితే ఆడినవు. ఎరువులని ఎందుకు చెప్పినవు?" అంది మోతీ భర్తతో.

"చెప్తే వద్దంటవని."

"అందును" అని ఒప్పుకుంది. "ఇగ చెప్పి రా." తర్వాత మెహ్రీన్ వైపు తిరిగింది. "నా మీద కోపమున్నదా బిడ్డా?"

మెహ్రీన్‌కు కొంచెం ఉంది. "మస్తు భయపెట్టినవమ్మా. కానీ నువ్వు లోపలికి రాకుంటే తాళం పడుతుండె" అంది.

భార్యాభర్తలు ఆటో ఎక్కారు. శారద కూడా వెళ్లిపోయింది. అంతలో మహబూబ్ అలీ గోడలు పట్టుకుంటూ, రొప్పుతూ వచ్చాడు. పోలీసుల సంగతి ఎవరో ఫోన్ చేసి చెప్పారట.

"ఏం కాలే అబ్బాజాన్. కూసో" అంది మెహ్రీన్. జరిగిందంతా చెప్పింది. ఆయన విని, "నిజంగా ఏం కాలేదా?" అని మళ్లీ అడిగాడు. కాలేదని మళ్లీ చెప్పింది.

ఆయన మోకాళ్లు నిమురుకుంటూ, "అన్నం తిన్నవా?" అన్నాడు.

మెహ్రీన్ టిఫిన్ డబ్బా తెరవనే లేదు. కార్డులు పక్కకు జరిపి, చల్లారిన అన్నం, ఆలుగడ్డ కూర ఇద్దరూ పంచుకున్నారు. తనకు ఇంత ఆకలవుతోందని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే ఆమెకు తెలిసింది.