డాక్టరు గారి కారులో చప్పుడు

డాక్టరు వరప్రసాదరావు గారి కారుకు రోగమొస్తే నాడి చూసే హక్కు జగ్గయ్యపేట మొత్తానికీ ఒక్క ఖలందర్‌దే. పదిహేడేళ్లుగా అంతే. యుద్ధానికి ముందు తయారైన కారది. లక్ష మైళ్లు తిరిగి మీటరు మళ్లీ సున్నా దగ్గర మొదలైంది, ఈ పందొమ్మిదివందల యాభై ఎనిమిదికి రెండో లక్షలోనూ సగం దాటింది. దాని ఒంట్లో ఖలందర్ చెయ్యి పడని చోటు లేదు. చెయ్యి పడ్డ ప్రతిచోటా గుర్తుగా మూడు చుక్కలు కొట్టేవాడు, పైకి కనపడకుండా, ఏ రేకు వెనకో, ఏ నట్టు పక్కనో. సంతకం రాదు గనక చుక్కలు కొడతాడని గిట్టనివాళ్లు అనేవారు. నిజమే, రాదు. రాకపోతే ఏం? మూడు చుక్కలున్న పని విడిపోయిందని అప్పటిదాకా ఒక్కరు అన్నారా?

అలాంటి కారు నందిగామ వెళ్లి, అక్కడ వేరేవాడి షెడ్డులో మూడు రోజులుండి వచ్చింది.

డాక్టరు గారి తప్పేం లేదు. కోర్టులో సాక్ష్యం చెప్పడానికి వెళ్తే కారు అక్కడే మొండికేసింది. ఆ ఊళ్లో స్తెఫను అని కొత్త మెకానిక్కు దిగాడు. మిలిటరీలో పని నేర్చుకుని వచ్చినవాడు, ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. ఇంజను పైకి లేపి, నాలుగు బేరింగులూ కొత్తవి వేసి పంపాడు. కారు ఇప్పుడు దూదిలా పోతోందని డాక్టరు గారు నలుగురి ముందూ మెచ్చుకున్నారు. ఆ మాట చెవిన పడ్డ రోజు నుంచి ఖలందర్‌కు అన్నం సయించలేదు.

"పోయింది కారేగదయ్యా, పెళ్లాం కాదుగా! అంత కుమిలిపోతావేంది?" అంది భార్య రహీమాబీ.

"నీకేం తెలుసే!" అని కంచం ముందు నుంచి లేచిపోయాడు.

నెల తిరక్కుండానే ఒక శుక్రవారం పొద్దున డాక్టరు గారి కారు ఖలందర్ షెడ్డు ముందు ఆగింది. ఆగడమే టక్కు టక్కుమంటూ ఆగింది. ఆ చప్పుడు వింటే ఖలందర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఛీ, కారుకు జబ్బు చేస్తే సంతోషమా అని తనను తాను తిట్టుకున్నాడు గానీ, సంతోషం మాత్రం ఆగలేదు.

"ఏదో చప్పుడోయ్ ఖలందర్," అన్నారు డాక్టరు గారు. "నందిగామలో బయల్దేరినప్పుడే కాస్త ఉంది. ఇప్పుడు ముదిరింది. నిలబెడితే మెల్లగా ఉంటుంది, గేరు వేసి కదిలిస్తే సుత్తితో కొట్టినట్టే."

"చేసినాయన్నే అడగాల్సిందండీ."

"బయల్దేరేటప్పుడే అడిగా. స్తెఫను కింద దూరి చూసి, 'ఇది ఖలందర్ గారికే తెలుస్తుందండీ, నేను ముట్టను, ఆయన చేతే చూపించండి' అన్నాడు."

ఖలందర్ ఒళ్లు భగ్గున మండింది. చేసిందంతా చేసి, పాడుచేసిన బండిని నా నెత్తిన రుద్దుతాడా? పైగా 'గారు' ఒకటి!

ఖలందర్ చప్పుడు పట్టే పద్ధతి చూడ్డానికి జనం పోగవుతారు. ఎదురుగా టీకొట్టు శాంతయ్య గ్లాసులు వదిలేసి మరీ వస్తాడు. మూరెడు తుమ్మకర్ర ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస పళ్లతో కరిచిపట్టి, కళ్లు మూసుకుంటాడు ఖలందర్. చప్పుడు చెవికన్నా పుర్రెకే బాగా తెలుస్తుందంటాడు. అలా కరిచిపట్టి, నడుస్తున్న ఇంజనులో ఒక్కొక్క ప్లగ్గు తీగా ఊడదీస్తాడు. ఏ బేరింగు పోయిందో దాని తీగ తీసినప్పుడు చప్పుడు తగ్గాలి. అదీ లెక్క.

మొదటి తీగ తీశాడు. తగ్గలేదు. రెండోది, తగ్గలేదు. మూడోది తీసేటప్పుడు, తగ్గితే ఎంత బాగుండును అనుకున్నాడు. అనుకున్నాక తగ్గకేం చేస్తుంది? తగ్గినట్టే వినపడింది. నాలుగోది తియ్యనే లేదు. కర్ర కింద పడేశాడు.

"మూడో బేరింగండీ! స్తెఫను వేసిందే. ఎట్టా వేశాడో ఏమో, నెలకే పోయింది."

"సరిగ్గా విన్నావా?" అన్నారు డాక్టరు గారు.

ఆ అడగడం ఖలందర్‌కు పుండు మీద కారం చల్లినట్టయింది. పదిహేడేళ్లలో ఎన్నడూ అడగని ప్రశ్న అది. "మూడో బేరింగు కాకపోతే మీసం గొరిగించుకుంటా!" అని మీసం మీద చెయ్యి వేశాడు, అంతమందిలో.

డాక్టరు గారి మొహం చిన్నబోయింది. "నందిగామలో పదిమందికి వాడి పేరు నేనే చెప్పా. పని ఇంత అన్యాయంగా ఉంటే ఆ పదిమందికీ వద్దని కూడా నేనే చెప్పాలి. సాయంత్రం వస్తా, విప్పి చూడు."

"పెళ్లాం నిండు మనిషంట, కొత్తగా షెడ్డు పెట్టాడంట, పాపం," అన్నాడు శాంతయ్య. ఆ పాపం అన్న మాట కూడా ఖలందర్‌కు నచ్చలేదు.

మధ్యాహ్నం మసీదు నుంచి వచ్చి కారు కింద దూరాడు. అడుగు రేకు దించి, మూడో బేరింగు విప్పి, చేతిలోకి తీసుకున్నాడు. అద్దంలా ఉంది. వేలితో తడిమాడు, ఎక్కడా గీత లేదు. తక్కిన మూడూ విప్పాడు. అవీ అంతే. నూనె పోవడానికి చెక్కిన గాడి దగ్గర కూడా అంచు పోకుండా ఎంత ఓపిగ్గా రుద్దాడో! ఇంత శుభ్రమైన పని తను చేసి ఎన్నేళ్లయిందో గుర్తు తెచ్చుకోబోయి మానేశాడు. కడుపులో పొద్దుటి మంట ఒక ఎత్తు, ఈ మంట ఒక ఎత్తు. చెడ్డ పనివాడిని చూసి ఎవరూ కుళ్లుకోరు కదా.

ఇనుము అరగదీసే ఆకురాయి చేతికి అందేంత దూరంలోనే ఉంది. రెండు గీతలు గీస్తే చాలు. బేరింగు పోయినట్టే ఉంటుంది. మీసం నిలుస్తుంది, కారు నిలుస్తుంది, నందిగామ పీడ విరగడవుతుంది. చూసేవాడెవడు? ఖలందర్ ఆకురాయి తీసుకున్నాడు. అవును, తీసుకున్నాడు. కింద పడుకున్నవాడు ఊతం కోసం ఎడమచేత్తో కారు చట్రాన్ని పట్టుకుంటే, ఏదో మెత్తగా తగిలింది.

కొత్త రబ్బరు ముక్క. కొలిచినట్టు కోసి, సన్న తీగతో చట్రానికి కట్టి ఉంది. ఏ పనీ చెయ్యకుండా ఊరికే అక్కడ వేలాడుతోంది.

ఇక్కడెవడు కట్టాడు, ఎందుకు కట్టాడు అని పక్కకు చూశాడు. జానెడు దూరంలో ఇంజను కాలు చట్రం మీద ఆనే చోటు. ఇనుము ఇనుముకు తగలకుండా మధ్యలో ఉండాల్సిన మెత్త ఎండి, పెళుసై, సగం విరిగి పక్కకు జారిపోయింది. ఇంజను కదిలినప్పుడల్లా కాలు చట్రాన్ని కొడుతోంది. గేరు వేసి కదిలిస్తే సుత్తితో కొట్టినట్టే, అని డాక్టరు గారు పొద్దున చెప్పనే చెప్పారు. విన్నదెవరు?

విరిగిన ముక్క పైకి లాగాడు. తోలు. నాలుగు మడతలు. దాని మీద కాల్చిన చువ్వతో పెట్టిన మూడు చుక్కలు.

యుద్ధం రోజుల్లో రబ్బరు ఎక్కడా దొరక్క, డాక్టరు గారు ఒక పురుటికి వేళకు వెళ్లాలని తొందరపడుతుంటే, లుంగీ మీద కట్టుకున్న పెళ్లినాటి తోలు బెల్టు విప్పి కోసి మరీ వేశాడు ఖలందర్. రబ్బరు దొరికాక మార్చాలనుకున్నాడు. మరిచేపోయాడు.

ఇంజను పైకి లేపిన స్తెఫను ఇది చూశాడు. చుక్కలూ చూశాడు. అప్పుడే తీసి రబ్బరు వేసుంటే పది నిమిషాల పని. 'చూశారా, మీ జగ్గయ్యపేట మొనగాడు తోలుముక్క కుక్కాడు' అని డాక్టరు గారికి చూపించుంటే ఖలందర్ పని ఆ రోజుతో సరి. చూపించలేదు. ముక్క కోసి, పక్కన కట్టి, ఆయన చేతే చూపించండని పంపాడు.

ఖలందర్ ఆకురాయి దూరంగా విసిరేసి చాలాసేపు కారు కిందే పడుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననిపించింది. అంత సిగ్గులోనూ స్తెఫను మీద కోపం తగ్గకపోవడం వింత.

సాయంత్రం డాక్టరు గారొచ్చేసరికి బేరింగులు బిగించి, రబ్బరు వేసి, అంతా సిద్ధం చేశాడు. చుక్కలు కొట్టే పంచి తీసుకుని రబ్బరు పక్కన కొట్టబోయి, ఆగి, జేబులో పెట్టేసుకున్నాడు. బండి గేరులో కదిలింది. చప్పుడు లేదు.

"ఐతే మూడో బేరింగేనన్నమాట," అన్నారు డాక్టరు గారు బాధగా. శాంతయ్య మెడ చాచాడు.

ఔననడానికి ఎంతసేపు? ఖలందర్ జేబులోంచి తోలుముక్క తీశాడు.

"కాదండీ. ఆయన వేసిన బేరింగులు మనకంటే ఎక్కువ కాలం బతుకుతయ్. చప్పుడు నాదండీ," అని దాన్ని డాక్టరు గారికి చూపించి, రబ్బరు సంగతి కూడా దాచకుండా చెప్పేశాడు. చెప్పి, వాళ్లు ఏదైనా అనేలోపు మంగలి కొట్టు వైపు నడిచాడు.

ఇంటికొచ్చిన మనిషిని చూసి రహీమాబీ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు ఆగాక చేతిలో ముక్క చూసింది. "ముక్త్యాల రేవులో కొట్టుకుపోయిందన్నావే, మా నాయన పెట్టిన బెల్టు కాదూ ఇది?" అని పాత తగాదా కొత్తగా అందుకుంది. అంతా విన్నాక మెత్తబడింది.

"నిజం చెప్పి వచ్చావుగా. డాక్టరు గారు నిన్నేమన్నా అన్నారా?"

"రేపొచ్చి బ్రేకులు చూడమని కబురు పెట్టారు."

"మరింకెందుకయ్యా ఆ మాడు మొహం?"

ఖలందర్ బోసి పెదవి తడుముకున్నాడు.

"పనిలో నాకంటే మొనగాడంటే ఎట్టాగో ఓర్చుకునేవాణ్ణే. నాకంటే మంచోడు కూడానంటే ఎట్టా చావనే!"