బావి గట్టు మీద అయిదో సీసా

రాజలింగం అయిదో సీసాలో మూడు చెంచాల పటిక నీళ్లు పోసి, మూతికి అరచేయి అడ్డం పెట్టి మెల్లగా తిప్పాడు. గట్టిగా తిప్పితే కట్టిన మడ్డి విరిగిపోతుంది. అద్దకం కార్ఖానాలో నీళ్ల పని నేర్పిన ముసలాయన చెప్పిన మాట అది. ఒక్కోదానిలో ఒక్కో మోతాదు కలిపిన ఆ అయిదు బావినీళ్ల సీసాలనూ గట్టు మీద వరసగా పెట్టి, గోనెపట్టా మీద కూర్చున్నాడు. బ్లీచింగ్ పొడికి అతని వేళ్ల కొనలు తెల్లగా పగిలిపోయాయి. కుడికంట్లో నీరు ఎప్పుడూ ఆగదు.

భివండిలోని గైబీ నగర్‌లో, మగ్గాల కూలీలుండే ఆ చాల్‌లో నలభై గదులకు ఒకటే బావి. పొద్దున్నే అందులో పటిక, బ్లీచింగ్ వెయ్యాలి. పైనున్న ఇనుప జాలీకి తాళం పెట్టాలి. పదిహేడేళ్లుగా అదే అతని బతుకు. భార్య పోయాక అతను మాట్లాడేది కూడా ఈ గట్టు మీదే.

శుక్రవారం, కరెంటు సెలవు. మగ్గాల చప్పుడు లేక, నీళ్లకు వచ్చిన కన్యక బిందె గట్టుకు తగిలిన శబ్దం పెద్దగా వినిపించింది.

"ఆ సీసాలల్ల ఏం జూస్తున్నవు మామా? మా బిడ్డ సాయిప్రియ దవాఖానల సెలైన్ కిందున్నది. పోయి దాన్ని జూడు."

"నీళ్లు కాగబెట్టి తాపుమన్న గద బిడ్డా."

"కాగబెట్టనీకి నూనె నువ్వు పోస్తవా స్టవ్వుల? మందు సక్కగ ఎయ్యి ముందుగాల."

"ఏస్తనే ఉన్న. సాలుతలేదు."

"పదిహేడేండ్ల సంది సాలిన మందు ఇప్పుడెందుకు సాలదు?"

ఎందుకో అతనికి తెలుసు. చెప్పకూడదు. మాట ఇచ్చాడు.

తొమ్మిది రోజుల కింద, సద్దుల బతుకమ్మ నాడు, ఆడవాళ్లను నదికి తీసుకుపోవలసిన టెంపో రాలేదు. చీకటి పడుతోంది. మగ్గాల మీద కూలీలను పెట్టే ముకద్దం కనుకయ్య వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. సిరిసిల్ల నుంచి రాజలింగాన్ని ఈ ఊరికి తెచ్చినవాడు, మొదటి నెల తన గదిలో పడుకోనిచ్చినవాడు.

"ఆడోళ్లు బతుకమ్మలు పట్టుకోని నిలబడ్డరు లింగం. తీస్కపోయి మోరీల ఏస్తరా? ఒక్కపాలి తాళం తియ్యి. ఏమన్నైతె సేఠ్‌కు నేను జవాబు చెప్త. నువ్వు మాత్రం ఎవ్వలకు చెప్పకు."

రాజలింగం మొలతాడుకున్న తాళంచెవి విప్పి ఇచ్చాడు. పాట పాడుతూ ముప్పై బతుకమ్మలను బావిలోకి దించారు. అందులో అన్నిటికన్నా ఎత్తయినది కన్యకది.

తెల్లారి వల వేసి తీసినన్ని తీశాడు. మిగిలిన బంతి, గునుగు పూలు అడుగుకు దిగిపోయాయి. నాలుగు రోజులకు నీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి. పటిక వేస్తే మడ్డి దూదిపింజల్లా ముద్దకట్టి దిగాలి, దిగలేదు. పొద్దున వేసిన బ్లీచింగ్ వాసన మధ్యాహ్నానికే మాయమవుతోంది. మందంతా ముందు పూల కుళ్ళుతో కొట్లాడి అక్కడే అయిపోతోంది. రోగం పురుగు దగ్గరికి పోయేసరికి దానిలో బలం ఉండటం లేదు. బావి మూసేద్దామంటే నలభై గదులకు వేరే నీళ్లు లేవు. అందుకే అతను కాగబెట్టమని గదిగదికీ తిరిగి చెప్పాడు. రెండింతల మందు కావాలని చాల్ యజమాని సేఠ్ మనిషిని మూడుసార్లు అడిగాడు. ఎందుకని అడిగితే మాత్రం నోరు మెదపలేదు.

సాయంత్రం చాల్ వాకిట్లో అందరూ కూడారు. లక్ష్మీనారాయణ సేఠ్‌కు ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

"ఏం లింగం, ఇంకో బస్తా, ఇంకో బస్తా అని అడుగుతున్నవట. పోరగాండ్లేమో వాంతులు జేస్కుంటుండ్రు. మందు ఎటు వోతుంది?"

రాజలింగం కనుకయ్య వైపు చూశాడు. కనుకయ్య భుజం మీది తువ్వాల తీసి మడతపెడుతున్నాడు.

"కనుకన్నను అడుగుండ్రి సేఠ్. ఆయన చెప్తడు."

తువ్వాల మడత పూర్తయింది.

"నాకేం ఎర్క? తాళంచెవి ఆయన మొలకే ఉంటది," అన్నాడు కనుకయ్య. తువ్వాల మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. "నడుమ మాన్కోలి గోదాముల దిక్కు తిరుగుతుండని విన్న. మందు అమ్ముకుంటుండో ఏమో, కండ్లజూడని మాట నేనెట్ల చెప్త?"

వెనక ఎవరో నవ్వారు. కన్యక తలెత్తి నోరు తెరిచింది. మళ్లీ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. బతుకమ్మలు దించిన మిగతా ఆడవాళ్లలో ఒక్కరూ తల ఎత్తలేదు.

రాజలింగం వాళ్లందరి వైపు చూశాడు. పదిహేడేళ్లలో ఆ వాకిట్లో ప్రతి ఒక్కరి బిందెకూ అతను చేదతో నీళ్లు తోడిపోసినవాడే.

"అయిదో సీస జూడుండ్రి," అన్నాడు. "అండ్ల మూడింతల మందేసిన. మడ్డి దిగింది."

"సీసాలు నాకెందుకయ్యా," అన్నాడు సేఠ్. "తాళంచెవి ఇయ్యి."

మొలతాడు ముడి తొందరగా రాలేదు. పళ్లతో కొరికి విప్పి, తాళంచెవి కనుకయ్య చేతిలోనే పెట్టాడు.

"వారం దాక మూడింతల మందు ఎయ్యి అన్నా. అడుగున పూలున్నయి, మనిషిని దించి తీపియ్యి," అని అతనికి మాత్రమే వినబడేలా చెప్పాడు.

కనుకయ్య తాళంచెవిని గుప్పిట్లో మూసుకుని అటు తిరిగాడు.

దీపాలు పెట్టే వేళకు రాజలింగం రేకుపెట్టెతో ఆటో ఎక్కి భివండి రోడ్ స్టేషన్‌కు వెళ్లిపోయాడు. ఏ రైలుకో ఎవరూ అడగలేదు.

గట్టు మీద నాలుగు సీసాల్లో చాయ్ రంగు నీళ్లు. అయిదో దానిలో నీళ్లు అద్దంలా తేరుకున్నాయి. అడుగున దూదిలా కట్టిన మడ్డి, దాని మీద బ్లీచింగ్‌కు తెల్లబడ్డ ఒక్క బంతిరేక.