తాళంచెవి కమిటీ దగ్గరుంది

నేను ఒక రేకు పెట్టెని. పాత బీరువా తలుపు కోయగా మిగిలిన ముక్కతో వెల్డింగు షాపు అప్పలస్వామి నన్ను ఒక్క పూటలో చేశాడు. నెత్తిన సన్నటి చీలిక, ముందు తాళం. మొదట బస్టాండులో ఉండేదాన్ని. జనం ఫిర్యాదులన్నీ నోటితో గట్టిగా చెప్పుకుని, నాలో మాత్రం వేరుశనగ తొక్కలు వేసేవారు. తర్వాత పచ్చరంగు కొట్టి, బాలికల సదనం వరండాలో గోడకు బిగించారు.

ఇక్కడ నాకు గౌరవం ఎక్కువ. పిల్లలు రాసుకున్నవి సిబ్బంది చింపేస్తారేమోనని, నా తాళంచెవి సదనంలో ఉంచకూడదని నియమం. అది పిల్లల సంక్షేమ కమిటీ దగ్గరుంటుంది. మూడు నెలలకోసారి వాళ్ళే వచ్చి తెరవాలి. పిల్లల మేలు కోరి పెట్టిన నియమమే, కాదనను.

పైడితల్లికి పదమూడేళ్ళు. చెల్లెలు సింహాచలానికి నాలుగు. తల్లి పోయాక ఇద్దరూ రైల్వేస్టేషన్లో కలిసే దొరికారు. చిన్నదానికి జ్వరం ఉంటే ఆస్పత్రిలో చేర్చి, పెద్దదాన్ని ఇక్కడికి పంపారు. తొమ్మిది రోజులకు చిన్నదీ వచ్చింది. వేరే తేదీ, వేరే ఫైలు. దాని సంరక్షణ ప్రణాళికలో తోబుట్టువులు అన్నచోట ‘లేరు’ అని రాశారు. రాసినాయన పిల్లని చూడలేదు, ఫైలు చూశాడు. ఎవరూ లేని పిల్ల కనుక దత్తతకు ఇవ్వవచ్చని కమిటీ సంతకాలు చేసింది.

ఇద్దరూ ఒకే కంచంలో తినేవారు. సదనమంతటికీ తెలుసు, ఫైలుకే తెలియదు.

ఆ సంగతి తెలిసి పైడితల్లి సూపరింటెండెంటు దగ్గరకు వెళ్ళింది. “అది నా సొంత చెల్లి మేడం. అలాగని రాయండి.”

“నాకు తెలీదా అమ్మా? కమిటీ రాసింది నేను కొట్టెయ్యకూడదు. కాగితం మీద రాసి పెట్టెలో వెయ్యి. వాళ్ళు చూస్తారు.”

ఆవిడ చెడ్డది కాదు. భయస్తురాలు.

పైడితల్లి రాసి నాలో వేసి, కళ్ళు మూసుకుని నిలబడింది. అటు చీపురుతో వచ్చిన ఆయా ఆదెమ్మ నవ్వింది.

“ఏటే, పెట్టికి దండం ఎడతన్నావు? అదేటి, అమ్మోరా?”

“నవ్వకు పిన్నీ. చెల్లిని ఇక్కడే ఉంచమని రాసినాను.”

ఆదెమ్మ నవ్వు ఆగిపోయింది. “ఎవులు తీస్తారే తాళం? ఆ కమిటీ గడువు అయిపోనాది. కొత్తోల్లు ఎప్పుడొస్తారో!”

కొత్తవాళ్ళు అయిదు నెలలకు గాని రాలేదు. ఈలోగా పైడితల్లి మరో ఆరు చీటీలు వేసింది. నేను ఒక్కటీ బయటికి కక్కలేకపోయాను. రేకుని నేను, ఏం చెయ్యను?

వాళ్ళకన్నా ముందే, చిన్నదాన్ని దత్తత తీసుకునే దంపతులు వేరే రాష్ట్రం నుంచి వచ్చారు. మంచివాళ్ళే. గౌను తెచ్చారు, మిఠాయి పంచారు. సింహాచలం కారెక్కి, అక్కకు చోటిస్తూ పక్కకి జరిగి కూర్చుంది. తలుపు వేసేశారు.

తర్వాత నలభై రోజులకు కొత్త కమిటీ వచ్చి నన్ను తెరిచింది. అధ్యక్షురాలు ఏడు చీటీలూ చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పైడితల్లిని పిలిపించింది.

“దత్తత ఉత్తర్వు వచ్చేసింది తల్లీ. ఇక మా చేతుల్లో లేదు.”

“పోనీ, ఆళ్ళకి ఒక్క మాట చెప్పండి మేడం. ఉరిమితే అది హడిలిపోద్ది. ఒళ్ళో ఏసుకోవాల.”

“వాళ్ళ వివరాలు చెప్పకూడదమ్మా.”

“నాకు చెప్పొద్దు. ఆళ్ళకే చెప్పమంటన్నాను.”

సభ్యులు కాగితాలన్నీ తిరగేశారు. అలా చెప్పడానికి ఏ ఫారమూ లేదు. చివరికి అధ్యక్షురాలే మెల్లగా అంది, “రాసి పెట్టెలో వెయ్యి. వచ్చేసారి చర్చిద్దాం.”

రిజిస్టరులో ‘ఏడు చీటీలు అందినవి, విచారించి ముగించడమైనది’ అని రాసి, నాకు తాళం వేసి వెళ్ళిపోయారు.

పైడితల్లి ఆ సాయంత్రమే రాసి వేసింది. ఈసారి దండం పెట్టలేదు.

వచ్చే సమావేశం వాయిదా పడిందట. చీటీ నాలోనే ఉంది. వానాకాలం మొదలైంది.