ఎర్రపిడి గుద్దలి

గేటు దగ్గర మందునీళ్ల తొట్టిలో బూట్లు కడగడం ఆ పొద్దుటికి అది మూడోసారి. జెఫెరీను వంగి, అడుగు గాడుల్లో పుల్లపెట్టి గీకి, మడమల దాకా నీళ్లలో ముంచి, ఎత్తి చూసుకున్నాడు. మట్టి లేదు. రెండోసారికే లేదు. అయినా మళ్లీ బ్రష్షు అందుకున్నాడు.

"బాబాయ్, ఆ బూట్లకేమన్నా పెళ్లిచూపులా?" అంది అతనితో పనిచేసే లూర్దెస్, మొక్కల బండి తోసుకొస్తూ. "మొహం ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా కడిగావా?"

"నీ పని నువ్వు చూసుకోవే."

మామూలు రోజైతే ఇంకో నాలుగు తగిలించేవాడు. ఇవాళ చంకలో గోనెసంచి అదిమి పట్టుకుని, కడుగుడు షెడ్డులోకి నడిచి, దాన్ని బల్లకింద కాలితో లోపలికి తోశాడు. లోపల ఇనుము ఠంగుమంది. ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు.

పొట్టి మనిషి. అరవై ఆరేళ్లు. ముప్పై ఏళ్లుగా చన్నీళ్లలో మొక్కల వేళ్లు కడిగీ కడిగీ చేతులు ఉబ్బిపోయాయి, ఎడమచేతి చూపుడువేలు వంగదు. ఉత్తర పోర్చుగల్ కొండల మీది ఆ చెట్ల పరిశోధన కేంద్రంలో అతనికిది ఆఖరి రోజు. కాలుగాలిన పిల్లిలా తిరగడానికి కారణం మాత్రం అది కాదు. కొండ అవతల, ఊళ్లో, ఇదే రోజు అతని భార్య ఇదలీనా పెరట్లోని చెస్ట్‌నట్ చెట్టును కొట్టిస్తోంది. ఆమె తాత నాటిన చెట్టు. ముగ్గురు చేతులు కలిపితే గాని మాను చుట్టుకి అందదు. సిరా తెగులు తగిలి మోడైంది. వేళ్లు కుళ్లి, మొదట్లోంచి సిరాలాంటి నల్లరసం కారుతుంది గనక ఆ కొండల్లో దానికా పేరు.

ఆ తెగులును పెరట్లోకి తెచ్చింది తనే. ఆ సంగతి లోకంలో ఇంకెవరికీ తెలియదు.

తెగులు మొక్కలుండే జబ్బు మడుల్లో వాడే పనిముట్లకు కేంద్రంలో పిడికి ఎర్రరంగు వేస్తారు. ఎర్రపిడిది ఏదీ గేటు దాటకూడదు. ఇరవై తొమ్మిదేళ్ల కిందట ఒక శనివారం, ఇంట్లో గుద్దలి పిడి విరిగింది. ఒక్క ఆదివారమే కదా అనుకుని ఎర్రపిడి గుద్దలి సంచిలో వేసుకుపోయాడు. చెట్టు చుట్టూ తవ్వి పేడ ఎరువు వేశాడు. సోమవారం తిరిగి తేబోతుంటే, ఎక్కడో తోటకి తెగులు పాకిందని కేంద్రంలో అప్పటి పెద్దాయన పనిముట్లన్నీ వరసగా పెట్టించి గోలగోల చేస్తున్నాడని కబురొచ్చింది. కొత్త ఉద్యోగం, కొత్త కాపురం. భయపడ్డాడు. గుద్దలి గడ్డివామి వెనక దాక్కుంది. ఎనిమిదేళ్లకి చెట్టు తలమీద ఆకులు పసుపెక్కాయి.

పోయినేడు వేసవిలో ఒకే ఒక్క కొమ్మ పూసింది. జెఫెరీను తనే నిచ్చెనెక్కాడు. ఆడపూలకి సంచులు తొడిగి, తెగులుకి లొంగని జపాను చెట్టు పుప్పొడి కుంచెతో అద్దాడు. నూట నలభై కాయలు దక్కాయి. మొలిపించాడు. ఎండాకాలంలో ప్రతి కుండీలోనూ జబ్బుమట్టి తన చేత్తోనే, చెంచాతో పోశాడు. చావనిదేదో తేలాలంటే అదే దారి. ఇవాళ పీకి, కడిగి, వేళ్లు చూడాలి. బాగుంటే సున్నా, మచ్చలుంటే ఒకటి, సగం పోతే రెండు, చస్తే మూడు. చెట్టు ఎలాగూ పోతోంది. దాని పిల్ల ఒక్కటి బతికుంటే చాలు.

లూర్దెస్ పీకి ఇస్తోంది, అతను కడుగుతున్నాడు. కుళాయి కింద వేరు పెట్టగానే తోలు ఊడి చేతివేళ్లకి అంటుకుంటోంది. మూడు. మూడు. రెండు. మూడు. కొండవైపు చూశాడు. పొగమంచు తప్ప ఏమీ లేదు. మధ్యాహ్నానికి డాక్టరమ్మ గ్రాస తొంగిచూసి, "ఏమన్నా తగిలిందా?" అంది. తల అడ్డంగా ఊపాడు. కేంద్రంలో మొక్కల మీద పరీక్షలన్నీ ఆవిడవే. తెచ్చుకున్న రొట్టె, ఎండు మాంసం ముక్క జేబులోనే ఉండిపోయాయి.

"తినవేం బాబాయ్? ఆఖరి రోజని అలకా?"

"ఆకలి లేదు. ఆ చచ్చినవాటిని కాల్చడానికి కొలిమికి తోసుకుపో."

ఆమె వెళ్లాక నూట ఇరవై ఆరో కుండీ తనే పీకాడు. వేళ్లు తెల్లగా ఉన్నాయి.

నమ్మలేదు. మళ్లీ కడిగాడు. గోటితో చివర గీరాడు. తెలుపే. పిల్లవేర్లు కూడా, కొత్తబియ్యంలా.

షెడ్డులో ఎవరూ లేరు. కాగితం మీద మూడని రాస్తే అయిపోయె, కొలిమిలో పడిందనుకుంటారు. సంచిలో వేసుకుపోయి, కొట్టేసిన చెట్టు పక్కనే నాటచ్చు. ఇదలీనా రేపు లేచేసరికి కళ్లముందు ఉంటుంది. సంచి లాగి, గుద్దలి బయటికి తీశాడు. పిడి దూరే బెజ్జంలో చిటికెడు నల్లమట్టి గట్టిపడి ఉంది, ఇరవై తొమ్మిదేళ్ల నాటిది. ఎంత కడిగినా, మొక్క వేళ్లలోంచి సంచిమీదికి కారుతున్న నీళ్లదీ అదే రంగు. దారి పొడుగునా అందరి తోటలూ ఉన్నాయి; ఆ నీళ్లు బొట్టు పడ్డా వాటికీ తెగులే.

"ఛీ, నా బతుకు చెడా! మళ్లీనా?" అన్నాడు పైకే.

మొక్కను తడి ఇసుకలో పాతి, సున్నా రాసి, డాక్టరమ్మను కేకేశాడు. ఆవిడ వంగి చూసి, అతని తడిచెయ్యి పట్టుకుంది.

"ఇదిక్కణ్ణించి కదలదు కదూ?" అనడిగాడు.

"పదేళ్లు చూడాలి. నిలబడితే అంట్లు కట్టి ఊళ్లకిస్తాం."

పదేళ్లు. తల ఊపాడు. ఆవిడ వెళ్లగానే ఫోను మోగింది. ఇదలీనా.

"పడిపోయిందయ్యా. మొదలంతా నల్లగా ఉంది. ఎక్కణ్ణించి దాపురించిందో ఈ మాయదారి తెగులు!"

"నేనే తెచ్చా."

"ఏంటీ?"

"పిల్లల్లేని కొత్తలో, ఇక్కడి గుద్దలి తెచ్చి తవ్వాను. కడగలేదు. దాన్ని గడ్డివామి వెనక దాచాను. నేనే, ఇదలీనా."

అవతల రంపం ఆగింది. మనుషుల మాటలు వినిపించాయి.

"ఇన్నేళ్లూ నా పక్కన కూచుని ఆ కాయలు ఒలుచుకు తిన్నావే!"

"తిన్నా."

"ఒక్కమాట చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"దాని పిల్ల ఒకటి బతికింది. తెల్లటి వేళ్లు. ఇంటికి తేకూడదు."

ముక్కు చీదిన చప్పుడు.

"ఇంటికి రా," అంది. "బూట్లు కడుక్కుని రా."

లూర్దెస్ ఖాళీ బండితో తిరిగొచ్చేసరికి మిగిలిన మొక్కలన్నీ కడిగి ఉన్నాయి, అంకెలన్నీ రాసి ఉన్నాయి, జెఫెరీను లేడు. వీడ్కోలుకని ఆమె తెచ్చిన వైను సీసా బల్లమీద పెట్టి, లైటు ఆర్పబోతూ ఆగింది. గోడమీద ఆమె ఎరిగినప్పట్నుంచీ ఖాళీగా ఉన్న మేకుకి ఒక గుద్దలి వేలాడుతోంది; చేతులు రాసుకుని రంగు పోయిన గుద్దళ్ల వరసలో దాని ఒక్కదాని పిడే, నిన్ననే వేసినంత ఎర్రగా ఉంది.