చెప్పుకోదగ్గ మరణాలు

రిటైరయ్యాక సుందరరాజు సారుకు చరిత్ర పిచ్చి పట్టుకుంది. దొర్నిపాడు చుట్టుపక్కల కుందూ నది వెంబడి ఉన్న ఊళ్లన్నీ మోపెడ్ మీద తిరిగి, శాసనాలూ చర్చి రిజిస్టర్లూ ముసలివాళ్ల మాటలూ పోగేసి రెండొందల పేజీల పుస్తకం రాశాడు. ఆఖరి అధ్యాయం 'చెప్పుకోదగ్గ మరణాలు'. పెద్ద రైతులు, పాస్టర్లు, కలరాతో పోయిన ఒక తాసీల్దారు, అంతా కలిపి నలభై రెండు. ఏ చావు చెప్పుకోదగ్గదో తేల్చడానికి నువ్వెవరని ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

నంద్యాల ప్రెస్సుకు కాగితాలు పంపాల్సిన రోజు పొద్దున్నే నరసమ్మ వచ్చి వసారాలో కూర్చుంది. ఆమె మొగుడు శేషయ్య పుట్టిలో జనాన్ని ఏరు దాటించేవాడు. నలభై ఏళ్ల కిందట, వంతెన లేని రోజుల్లో, కుందూ పొంగినప్పుడు మునిగి చనిపోయాడు.

"సారూ, సచ్చినోళ్ల పేర్లు రాస్తాండావంట గదా. మా ఆయన పేరు రాసినావా?"

"రాసినాలే నరసమ్మా."

"నాకు సదువు రాదు. ఒకసారి సదివి ఇనిపియ్యి."

ఆయన కాగితం తీశాడు. 'శేషయ్య. మద్యం మత్తులో పుట్టి అదుపు తప్పి మృతి.' ఊరంతా అనేది అదే. తన చేత్తో రాసిన ఆ వాక్యాన్ని ఆమె ముందు చదవడానికి నోరు రాలేదు.

"శేషయ్య. వరదలో ఒక మనిషిని క్షేమంగా దాటించి, తిరిగి వస్తూ మృతి" అని కాగితంలో లేనిది చదివేశాడు.

నరసమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అహోబిలం మొక్కు కోసరం నెల దినాలుగా మందు ముట్టల్యా సారూ. చెప్తే ఎవురూ నమ్మల్యా." మళ్లీ అడిగింది. "అయితే ఆ దాటిన మనిషి ఎవురు? పేరు రాయల్యా?"

తెలియదంటే సరిపోయేది. అరగంటలో కాగితాలు బస్సెక్కేవి. కానీ ఆయనకు సిగ్గేసింది.

"నేనే నరసమ్మా."

అవతలి ఊరి బడిలో ఉద్యోగంలో చేరడానికి ఆ రోజే ఆఖరు. నీళ్లు బాగాలేవు, రేపు పోదామన్నాడు శేషయ్య. ఇరవై మూడేళ్ల సుందరరాజు కాళ్లావేళ్లా పడి పుట్టి ఎక్కాడు. ఒడ్డు చేరగానే బడికి పరుగెత్తాడు. సాయంత్రానికి శవం దొరికింది. తాగి ఉన్నాడని ఎవరో అన్నారు. కాదనాలంటే తన పేరు బయటపెట్టాలి. కొత్త ఉద్యోగం, పోలీసుల భయం, నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత నోరు తెరవడానికి ఏ రోజూ అనుకూలంగా కనిపించలేదు.

అంతా విన్నాక కూడా నరసమ్మ తిట్టలేదు.

"నీళ్లు తీసకపోయినాయి. దానికి నిన్నేమంటాలే" అంది. "నువ్వు మన బడికి వచ్చినాక మా సంధ్య నీ కాడనే గదా సదివింది. తాగుబోతు కూతురని పిల్లోళ్లు అంటాంటే ఏడ్చుకుంటా ఇంటికొస్తాండె. ఆ పొద్దు నువ్వు ఆడనే కుర్చీలో కూసోనుంటివి గదా సారూ."

ఆయన ఆ పిల్లలను బెత్తంతో బెదిరించాడు, నిజమే. వాళ్లు అన్నది అబద్ధమని మాత్రం ఒక్కనాడూ అనలేదు.

కలం తీసి ఆ వాక్యాన్ని కొట్టేసి, కొత్తది రాశాడు. దాటిన మనిషి పేరు దగ్గర చెయ్యి ఆగింది. పూర్తి పేరే రాశాడు.

నరసమ్మ సెల్లు తీసి, మీట నొక్కి చెవిన పెట్టుకుంది.

"సంధ్యా, పనిలో ఉన్నా రవ్వంత ఆగి ఇను. సుందరరాజు సారు మీ నాయన గురించి ఏందో సదువుతాడంట" అని ఫోను ఆయన చేతికిచ్చింది.