ఒడ్డున నిలబడి గీసిన కొండ

హేమశ్రీ ద్వారకా నగర్‌లోని ఓ కోచింగ్ సెంటర్లో లెక్కల టీచరు. ఆదివారాలు మాత్రం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గేమ్ తయారుచేసుకుంటుంది. ఒకే పడవ, ఒకే సముద్రం. గాలికి ఎదురొడ్డి పడవను ఒడ్డుకు చేర్చాలి, అంతే. రెండేళ్ల కిందట సముద్రంలో చేపల వేటకెళ్లిన అన్న వాసు తిరిగి రాలేదు. ఆనాటి నుంచి నాన్న జగ్గయ్య కొడుకు పేరెత్తలేదు. ఆయన నోట ఆ పేరు ఒక్కసారి వినాలనే ఈ తాపత్రయమంతా.

కోడింగ్ వీడియోలు చూసి ఎలాగో పట్టేసింది. బొమ్మల దగ్గరే చెయ్యి తిరగలేదు. నెట్లో దొరికిన తెరచాప ఓడను పెట్టి చూపిస్తే నాన్న, "ఇది మనది కాదమ్మా" అని మొహం తిప్పేసుకున్నాడు.

ఇక తనే గీయాల్సి వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నెలంతా మౌసును తిట్టింది. తర్వాత కాగితం మీద గీసి, ఫోటో తీసి ఎక్కించడం నేర్చుకుంది. పడవ వంకరగానే వచ్చింది గానీ, కాకిపిల్ల కాకికి ముద్దు కదా! గీసేకొద్దీ చూడటం అలవాటైంది. వాసు తన పడవ అంచుకు వేసుకున్న పచ్చరంగు ఎంత ముదురో గుర్తుతెచ్చుకోబోయి ఏడ్చేసింది కూడా. అయినా ఆ రంగు కలిపేదాకా వదల్లేదు.

చివరికి సముద్రంలోకి ముక్కు చాచిన డాల్ఫిన్ నోస్ కొండను గీసి, మళ్లీ నాన్నకు చూపించింది. జగ్గయ్య చాలాసేపు చూశాడు.

"పడవ మనదే. కొండే తప్పు."

"ఏటి తప్పు నాన్నా? రోజూ సూత్తన్నదే కదా!"

"నువ్వు ఒడ్డున నిలబడి గీసినావమ్మా. సంద్రంలోంచి ఇంటికొచ్చినోడికి ఆ ముక్కు కనపడదు. కొండ ఎడంపక్కన, పడుకున్న ఎద్దులాగుంటది."

హేమశ్రీ తెర వైపు మళ్లీ చూసింది. తను గీసింది ఎదురుచూసేవాళ్ల కొండ. ఇంటికొచ్చేటప్పుడు అన్నకు ఏం కనిపించేదో ఒక్కనాడూ అడగలేదు. పెన్సిలు నాన్న చేతికిచ్చింది.

"నాకేటొచ్చమ్మా!" అంటూనే గీశాడు. వలలు అల్లిన వేళ్లు కాగితం మీద మెల్లగా కదిలాయి. పెద్ద మూపురం, పైన లైట్‌హౌసు.

ఆ కొండనే గేమ్‌లో పెట్టింది. ఏ మీట నొక్కాలో చూపిస్తే జగ్గయ్య తనే పడవ నడిపాడు. రెండుసార్లు అలలు వెనక్కి తోసేశాయి. మూడోసారి పడవ ఇసుకను తాకింది. ఆయన మాత్రం మీట మీద నుంచి వేలు తీయలేదు.

"దిగరా వాసూ," అన్నాడు. "మా సెడ్డ అలిసిపోనావు."