చివరి గుక్క

మా జకరయ్య మాస్టారికి ఒక దగ్గు, ఒక హక్కు ఉండేవి. దగ్గు బళ్ళో సుద్దముక్కల దుమ్ము వల్ల వచ్చిందని ఆయన అనేవారు, క్షయ అని బందరు ఆసుపత్రివాళ్ళు అన్నారు. హక్కు సంగతి ఎవరూ కాదనలేదు. ముదినేపల్లి దగ్గర మా ఊరి చర్చిలో నెలకో ఆదివారం ప్రభుబల్ల జరిగేది. అందరూ రొట్టెముక్క తిని, ఒకే వెండి పాత్రలోంచి తలా ఒక గుక్క ద్రాక్షరసం తాగాలి. ఆ పాత్ర మాస్టారు రిటైరైనప్పుడు చేయించి ఇచ్చింది. కాబట్టి మొదటి గుక్క ఆయనదే. తాగి, పాత్రలోకే ఓ చిన్న దగ్గు దగ్గి, పక్కవాడికి అందేలా చూసేవారు.

పంతొమ్మిదివందల అరవై మూడులో మా సంఘంలోని సీతమ్మ కూతురు రూతు నర్సు ట్రైనింగు అయ్యి బందరు నుంచి వచ్చింది. వాళ్ళ నాన్న ఆ దగ్గుతోనే పోయాడు. మిగిలింది తల్లి ఒక్కతే, ఆవిడకీ ఒంట్లో సత్తువ లేదు. మాస్టారు తాగిన పాత్రని అమ్మ నోటి దగ్గర చూసేసరికి రూతుకి ప్రాణం పోయినంత పనైంది.

ఆ సాయంత్రమే వెళ్ళి అడిగింది. "మాస్టారూ, మీ తెమడలో క్రిములున్నాయని ఆసుపత్రివాళ్ళు రాశారు. మందు వాడినన్నాళ్ళూ పాత్రలో తాగకండి."

"భయమున్నవాళ్ళు మానెయ్యమను. మానడం వాళ్ళ హక్కు, తాగడం నా హక్కు. దేశానికి స్వాతంత్ర్యం ఎందుకొచ్చిందనుకున్నావమ్మా?" అన్నారాయన.

వినడానికి ఎంత న్యాయంగా ఉందో. కానీ మా చర్చిలో పాత్ర మానేశారంటే ఏదో పాపం చేశారని అర్థం. ఒకసారి చర్చి తుడిచే తోమాసు పన్నుపోటుతో మానేస్తే, పొద్దుగూకేలోపు వాళ్ళావిడ పుట్టింటికి మూట కట్టింది. రూతు తల్లిని బతిమాలితే, "ఈ వయసులో నేనేం వెలగబెట్టానని అనుకుంటారే నలుగురూ?" అని సీతమ్మ కూతుర్నే కసిరింది.

రూతు పాస్టరు యేసుదాసుగారి దగ్గరికి పరిగెత్తింది. అయ్యగారు కళ్ళు మూసుకుని, "ప్రభువు పాత్రలో క్రిములుండవమ్మా. చదువుకున్నవాళ్ళతో ఇదే చిక్కు, విశ్వాసం పల్చబడుతుంది" అన్నారు. పల్చబడని విశ్వాసం ఆయన పొట్ట మీద కనిపిస్తూనే ఉంది.

చివరికి సంఘం పెద్దల్ని కూర్చోబెట్టారు. మాస్టారికి మాత్రం వేరే గ్లాసు పెడదామని రూతు అంది. ఆయన మొహం మాడిపోయింది.

"కాఫీ హోటల్లో మన పేటవాళ్ళకని వేరే గ్లాసు చూరుకి వేలాడుతుంది. తాగి నేనే కడిగి పెట్టాలి. నలుగురితో కలిసి ఒక్క పాత్రలో తాగే చోటు నాకు ఇదొక్కటే. ఇక్కడ కూడా వేరే పెడతావుటమ్మా?"

మేమంతా ఆ హోటల్లో ఆ చూరు కింద నిలబడినవాళ్ళమే. ఆ మాట నిజం. పాడు దగ్గూ నిజమే.

"పోనీ, అందరూ అయ్యాక చివర తాగండి మాస్టారూ" అంది రూతు, గొంతు తగ్గించి.

అయ్యగారు ఆ మాటని ఒడిసిపట్టుకున్నారు. సభలో అధ్యక్షుడు ఆఖర్నే మాట్లాడతాడని, పెద్దరికమంతా ఆఖర్లోనే ఉందని అరగంట ఊదరగొట్టారు. మాస్టారు ఉబ్బిపోయి ఒప్పుకున్నారు. అయ్యగారూ తన తెలివికి తనే మురిసిపోయారు.

తర్వాతి ప్రభుబల్ల ఆదివారం పాత్ర బయల్దేరింది. సీతమ్మ తాగింది. రూతు ఊపిరి పీల్చుకుంది. అందరూ అయ్యాక మాస్టారు తీరిగ్గా గుక్క తాగి, దగ్గి, అయ్యగారి చేతికిచ్చారు.

అక్కడ వచ్చాయి తిప్పలు. ప్రార్థన చేసిన రసం పారబొయ్యకూడదు, మిగిలింది పాస్టరే తాగెయ్యాలి. అయ్యగారికి ఎప్పుడూ ముచ్చటైన పనే అది. ఇదివరకు ఆయన మూతికీ మాస్టారి మూతికీ మధ్య ఊరంతా ఉండేది. ఊరంతా కలిసి పాత్రని శుభ్రం చేస్తుందనుకున్నారో ఏమో. ఇప్పుడు మధ్యలో ఎవరూ లేరు.

ఆయన పాత్ర అంచుని గుడ్డతో తుడిచారు. మళ్ళీ తుడిచారు. పాత్రలోకి చూశారు, కిటికీలోంచి బయటికి చూశారు.

"తోమాసూ, ఈ పూటకి నువ్వు కానిస్తావా?"

"అంత యోగ్యత నాకెక్కడిదండీ" అని తోమాసు గోడకి అతుక్కుపోయాడు.

అయ్యగారు మళ్ళీ గుడ్డ అందుకుని అంచు తుడవసాగారు. మాస్టారు ఆ చేతినే చూస్తున్నారు. ఆ తుడవడం ఎందుకో ఆయనకి అర్థమైంది. రూతు చెప్పినప్పుడు తలకెక్కనిది ఆ చేతిని చూశాక ఎక్కింది. ఇన్నాళ్ళూ ఆయన మొండితనానికి పళ్ళు కొరికినవాణ్ణి, ఆ క్షణంలో నాకు ఆయన మీద జాలేసింది.

ఆయన లేచి, అయ్యగారి చేతిలోంచి పాత్ర తీసుకుని, మిగిలినదంతా తాగేశారు. ఈసారి దగ్గు వస్తే మొహం గోడవైపు తిప్పుకున్నారు.

"రూతమ్మా, వచ్చే నెలకి తలా ఒక గ్లాసు తెప్పించు. అందరికీ అంటున్నాను, నా ఒక్కడికే కాదు. నాకేం భయం లేదు. పాపం, అయ్యగారు దడుచుకుంటున్నారు."

ఆమెన్ అని అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా అన్నది అయ్యగారే.